పుస్తకంలో లేని పేర్లు: బుడమేరు వరదలో ఒక సంఘపు ఆరాధన, పరిచర్య

విజయవాడలోని ఒక సి.ఎస్‌.ఐ. (దక్షిణ ఇండియా సంఘం అనే క్రైస్తవ సంఘం) పాస్టరేట్‌లో, అంటే ఒక పాస్టర్ బాధ్యతలో ఉండే సంఘంలో, నేను ప్రెస్బిటర్‌గా (పాస్టర్‌గా) ఉండగా, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చింది. అప్పుడు మా సంఘం చేసిన పరిచర్యను, అందులో దొర్లిన పొరపాట్లను, ఆ తరువాత ఏడాది పొడుగునా మా ఆరాధనలోనూ బయటి సేవలోనూ వచ్చిన మార్పులను తోటి పాస్టర్లకు, సంఘ పెద్దలకు, స్త్రీల మైత్రి (సంఘంలోని స్త్రీల సమాజం) నాయకురాళ్లకు పనికొచ్చేలా ఇక్కడ నమోదు చేస్తున్నాను. సంఘం పేరు గానీ మనుషుల పేర్లు గానీ రాయడం లేదు. ఈ కథనంలో కనిపించే వాళ్లలో చాలామంది మంచం పట్టిన వృద్ధులు, వాళ్ల ఇళ్ల సంగతులు ఊరందరికీ తెలియవలసినవి కావు. ఈ అనుభవం మొత్తం ఒక పాత నోటు పుస్తకం చుట్టూ తిరుగుతుంది కనుక ముందు ఆ పుస్తకం గురించి చెప్పాలి.

ఇంటి సంస్కారపు పుస్తకం

మా గుడిలో నెల మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజన సంస్కారం (యేసు చివరి విందును గుర్తుచేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) ఉంటుంది. గుడికి రాలేని వృద్ధులకు, రోగులకు ఆ మధ్యాహ్నమో మర్నాడో రొట్టె, ద్రాక్షారసం ఇంటికే తీసుకెళ్లి ఇస్తాము. ఎవరింటికి వెళ్లాలో రాసుకునే ఎర్ర గుడ్డ వెన్నున్న లాంగ్ సైజు పుస్తకాన్ని మా వాళ్లు ఇంటి సంస్కారపు పుస్తకం అంటారు. నాకన్న ముందు పనిచేసిన పాస్టర్లు, వాళ్లతో వెళ్లిన సంఘ పెద్దలు ఏళ్ల తరబడి అందులో పేరు, వీధి మాత్రమే కాకుండా, వెళ్లే మనిషికి అవసరమయ్యే చిన్న చిన్న సంగతులు కూడా పక్కన రాస్తూ వచ్చారు. ‘గ్రౌండ్ ఫ్లోర్, గుమ్మం ముందు మూడు మెట్లు’, ‘కుడి చెవి వినపడదు, ఎడమ పక్కన కూర్చోవాలి’, ‘రొట్టె ముంచి ఇవ్వాలి, మింగలేరు’, ‘షుగరు, పొద్దున ఇంజక్షను’, ‘తాళం పై ఇంటి వాళ్ల దగ్గర’ వంటి మాటలు ఒక్కొక్క పేరు పక్కన ఒక్కొక్కరి చేతిరాతలో ఉండేవి. నేను వచ్చిన కొత్తలో దాన్ని ఆరాధనకు సంబంధించిన రికార్డుగానే చూశాను. సామాజిక సేవకు మాకు వేరే కమిటీ, వేరే ఫైలు, వేరే బ్యాంకు ఖాతా ఉండేవి. ఆ కమిటీ క్రిస్మస్‌కు దుప్పట్లు, జూన్‌లో నోటు పుస్తకాలు పంచేది. ఈ రెండింటికీ సంబంధం ఉందని గానీ, ఉండాలని గానీ మాకు తోచలేదు.

మా గుడి రైల్వే లైనుకు ఇవతల, కాస్త మెరక మీద ఉంది. రైల్వేలోనో, బడుల్లోనో, ఆసుపత్రుల్లోనో ఉద్యోగం చేసి రిటైరైన తొలి తరం వాళ్లు చాలావరకు గుడి చుట్టుపక్కలే ఉంటారు. వాళ్ల పిల్లలు, పల్లెల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలు అద్దె తక్కువని సింగ్‌నగర్ ఫ్లైఓవర్ అవతల అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీల్లో స్థిరపడ్డారు. వాళ్లు ఆటోలు కట్టించుకుని కాస్త ఆలస్యంగా వస్తారు కాబట్టి గుడిలో వెనక బెంచీలు వాళ్లవే అన్నట్టుగా ఉంటాయి.

మొదటి ఆదివారం

మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే బుడమేరును విజయవాడ వాళ్లు దుఃఖదాయని అంటారు. వరద నీటిని వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర మళ్లించి కృష్ణలో కలిపే డైవర్షన్ కాలువ ఉన్నా, కృష్ణే పొంగుతున్నప్పుడు ఆ నీరు అటు పోలేదు. 2005 వరదను చూసిన పెద్దలు మా సంఘంలో ఉన్నారు. అయినా ఆగస్టు 31న రోజంతా కురిసిన వాన మర్నాటి ఉదయానికి ఇంత పని చేస్తుందని ఎవరూ అనుకోలేదు. కాలువకు గండ్లు పడి, సెప్టెంబరు 1 ఆదివారం తెల్లారేసరికి ఫ్లైఓవర్ అవతల ఇళ్లలోకి నీళ్లు వచ్చేశాయి.

ఆ రోజు ఆరాధన ఆపలేదు. అవతలి పరిస్థితి మాకు పూర్తిగా తెలియక ఆపలేదన్నదే నిజం. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడిన తరువాత 1950లో రూపొందిన ప్రభురాత్రి భోజన క్రమంలో ‘సమాధానము’ అనే ఘట్టం ఉంది. బల్ల దగ్గర ప్రెస్బిటర్ రెండు చేతులతో పక్కవారి జోడించిన చేతులను పట్టుకుని సమాధానం ఇస్తే, అది ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి వరుసవరుసగా చివరి బెంచీ దాకా వెళుతుంది. ఆ ఉదయం నడిమి వరుసలు దాటాక దాన్ని అందుకునేవాళ్లు లేకపోయారు. సమాధానాన్ని వెనక్కి తీసుకెళుతున్న సంఘ పెద్ద ఖాళీ బెంచీల ముందు చేతులు జోడించుకునే కొంతసేపు నిలబడి, తిరిగి తన చోటికి వచ్చారు. గుడిలో ఉన్నవాళ్లమందరం అది చూశాము. అప్పటికే కొందరి ఫోన్లు మోగుతున్నాయి.

ఆశీర్వాదం అయ్యాక, ఆ మధ్యాహ్నం సంస్కారం ఇవ్వడానికి ఎవరెవరి ఇళ్లకు వెళ్లగలమో చూద్దామని వెస్ట్రీలో (గుడిలోని పాస్టర్ గదిలో) పుస్తకం తెరిచాము. పేజీలు తిప్పుతుండగా స్త్రీల మైత్రి కార్యదర్శి, రిటైరైన నర్సు, “అయ్యగారూ, వీళ్లలో మెట్లెక్కలేనివాళ్లెవరో ఇందులోనే రాసి ఉంది కదండీ” అన్నారు. ఆ మాటతో పుస్తకాన్ని చూసే తీరే మారిపోయింది. సంస్కారం కోసం రాసుకున్న ‘గ్రౌండ్ ఫ్లోర్’, ‘నడవలేరు’, ‘షుగరు’, ‘తాళం పై ఇంట్లో’ అన్న మాటలే ఎవరిని ముందు బయటికి తేవాలో చెబుతున్నాయి. ఫ్లైఓవర్ అవతలి పేర్లను విడదీసి, కింది అంతస్తులో ఉండి మంచం దిగలేనివారి పేర్లు ముందు పెట్టాము. ఒక్కో పేరుకు ఒక చీటీ రాసి, చిరునామా, కొండగుర్తు, అంతస్తు, జబ్బు అందులో ఉండేలా చూశాము. ఆ చీటీలను పాలిథిన్ కవర్లలో పెట్టి ఫ్లైఓవర్ దగ్గరికి తీసుకెళ్లి, పడవల వాళ్లకు, అక్కడున్న అధికారులకు ఇచ్చాము. లైఫ్ జాకెట్ లేకుండా మా యువకులెవరూ నీళ్లలోకి దిగకూడదని ఖండితంగా చెప్పాము. వాళ్లలో ఇద్దరు ముగ్గురికి అది అప్పుడు నచ్చలేదు. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ నమ్ముతున్నాను. ప్రవాహం ఉన్న నీళ్లలో ఈత వచ్చినవాడు కూడా ఇంకొకరు రక్షించవలసిన మనిషి అవుతాడు.

ఈ పద్ధతి పనిచేసింది. ఆ రోజు, మర్నాడు కలిపి మా పుస్తకంలోని అవతలి పేర్లన్నిటి ఆచూకీ తెలిసింది. కొందరిని పడవలు తెచ్చాయి, చాలామందిని అప్పటికే పొరుగువాళ్లు పై అంతస్తులకు చేర్చారు. ఇక్కడితో ఆపేస్తే ఇది మేము గర్వంగా చెప్పుకునే కథగా మిగిలేది.

ఎదురింటి పెద్దాయన

రెండో రోజు నేనూ ఒక పడవలో వెళ్లాను. ఆ రోజే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది, అవతలి నీళ్లు తగ్గే సూచన లేదు. మా పుస్తకంలో ఉన్న ఒక పెద్దావిడ ఒకప్పుడు బడిలో ఆయాగా పనిచేశారు, రెండు కాళ్లూ కదలవు. పై వాటాలో ఉన్న ముస్లిం కుటుంబం మొదటి రోజే ఆవిడను దుప్పట్లో పడుకోబెట్టి నలుగురూ నాలుగు చెంగులు పట్టుకుని మేడ మీదికి చేర్చింది. నేను వెళ్లేసరికి వాళ్ల మంచం మీద, వాళ్ల కోడలి చీర కట్టుకుని ఉన్నారు. నన్ను చూడగానే సంస్కారం అడుగుతారనుకున్నాను. “ఎదురింట్లో తాతగారిని చూశారా అయ్యగారూ? నిన్న సాయంత్రం దాకా కేక వినపడింది, ఇవాళ వినపడలేదు” అన్నారు.

ఆయనది మా సంఘం కాదు, ఏ సంఘమూ కాదు. కొడుకు హైదరాబాదులో ఉండగా ఒంటరిగా ఉంటున్నారు. పడవ నడుపుతున్న మత్స్యకారుడు కిటికీ ఊచల్లోంచి చూస్తే, ఆయన మంచం మీద బల్ల, బల్ల మీద కుర్చీ వేసుకుని, నడుం దాకా వచ్చిన నీళ్లలో గోడకు ఆనుకుని ఉన్నారు. షుగరు రోగి, ఒకటిన్నర రోజుగా అన్నమూ మందూ లేవు. తలుపు విరగ్గొట్టి బయటికి తెచ్చి ప్రభుత్వ ఆసుపత్రికి పంపితే బతికారు. కానీ మా చీటీ పట్టుకుని ఒక పడవ ముందు రోజే ఆ సందులోకి వెళ్లి, మా సభ్యురాలు పై వాటాలో క్షేమంగా ఉన్నారని తెలుసుకుని తిరిగి వచ్చేసింది. ఆ పడవ ఆయన కిటికీకి పది అడుగుల దూరంలోంచే వెళ్లి ఉంటుంది. మా పుస్తకంలో ఆయన పేరు లేదు కాబట్టి ఆయన మాకు కనిపించలేదు.

అపొస్తలుల కార్యముల 6వ అధ్యాయంలో అనుదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రను చిన్నచూపు చూశారన్న సణుగు వినిపించాకే, ఆ పనికి ఏడుగురిని ఏర్పాటు చేసుకున్నారని చదువుతాము. నేను ఆ భాగం మీద ఎన్నోసార్లు ప్రసంగించాను. జాబితాలో లేనివాళ్ల వైపు నుంచి దాన్ని ఒక్కసారి కూడా చదవలేదు.

ఆ రాత్రి పాస్టరేట్ కమిటీ కూర్చుంది. విశ్వాస గృహానికి చేరినవారికి విశేషంగా మేలు చేయాలని గలతీ పత్రిక 6వ అధ్యాయంలో ఉంది కాబట్టి, ఉన్న కొద్దిపాటి వనరులు ముందు మనవాళ్లకే చేరాలని ఒక పెద్ద వాదించారు. ఆయన స్వార్థంతో అన్న మాట కాదు. ఆయన సొంత తమ్ముడి కుటుంబం అప్పటికీ నీళ్లలోనే ఉంది. అదే వచనంలో ‘అందరియెడలను’ అన్న మాట ముందే ఉందని ఇంకొకరు గుర్తుచేశారు. చర్చ చాలాసేపు సాగింది. చివరికి ఒక పని పద్ధతి మీద అందరమూ ఒప్పుకున్నాము. మా పుస్తకంలోని ప్రతి పేరూ ఆ సందులోకి మాకున్న ఒక గుమ్మం లాంటిది. ఆ గుమ్మం దగ్గర మా మనిషి క్షేమం అడిగి ఆగిపోకుండా, ‘ఈ సందులో మంచం దిగలేనివాళ్లు ఇంకెవరున్నారు, మందులు అయిపోయినవాళ్లు ఎవరు, పసిపిల్లలున్న ఇల్లేది’ అని మూడు ప్రశ్నలు అడిగి, ఆ జవాబులతోనే తరువాతి చీటీలు రాయాలి. మూడో రోజు నుంచి మా చీటీల్లో ఎక్కువ పేర్లు మా సంఘం వాళ్లవి కావు.

అన్నం, ఆరబెట్టిన కాగితాలు

వంట సంగతి క్లుప్తంగా చెబుతాను. మొదటి పూట సాంబారన్నం పొట్లాలు కట్టించాము. ఫ్లైఓవర్ దాటి లోపలి సందులకు చేరేసరికి సాయంత్రమై, సగం పొట్లాలు పులిసిపోయాయి. అప్పటి నుంచి స్త్రీల మైత్రి వాళ్లు చింతపండు పులిహోర, రొట్టెలే పంపారు, వాటితో పాటు నీళ్లు, పాలపొడి, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, శానిటరీ ప్యాడ్లు పెట్టారు. 7వ తేదీ వినాయక చవితి. పక్క వీధి ఉత్సవ కమిటీ ఆ ఏడు ఆర్భాటాన్ని తగ్గించుకుని తమ పెద్ద గుండిగలు, గ్యాసు పొయ్యిలు, షామియానా మా గుడి ఆవరణకు తెచ్చి ఇచ్చింది. వాళ్ల కుర్రాళ్లే మాతో కూర్చుని కూరగాయలు తరిగారు. పొట్లాల్లో కరపత్రాలు, వాక్య భాగాలు పెట్టకూడదని మేము ముందే నిర్ణయించుకున్నాము. ఆకలితో ఉన్న మనిషి చేతికి అన్నంతో పాటు మన మాట కూడా పెడితే, అది తీసుకోక తప్పని స్థితిలో ఆ మనిషిని నిలబెట్టినట్టవుతుంది. క్రీస్తు పేరుతో ఆ పని చేయడం నాకు సమ్మతం కాదు.

గండ్లు 7వ తేదీన పూడ్చాక నీళ్లు మెల్లగా దిగసాగాయి. అందరికీ కనిపించే సేవ అక్కడితో అయిపోతుంది, అసలు కష్టం అక్కడ మొదలవుతుంది. ఇళ్లలో బురద, చెడిపోయిన ఫ్రిజ్‌లు, కదలని ఆటోలతో పాటు నానిపోయిన కాగితాలు ఉన్నాయి. 8వ తేదీ ఆదివారం ఆరాధన తరువాత ఒక తల్లి కొంగులోంచి ముద్దయిపోయిన ప్లాస్టిక్ కవరు తీసి, కూతురి పదో తరగతి మార్కుల మెమో అందులో ఉందని చెప్పి ఏడ్చింది. సండేస్కూల్ ఉపాధ్యాయినుల్లో ఒకరు లైబ్రరీలో పనిచేస్తారు. ఆవిడ ఆ వారం సండేస్కూల్ గదిని కాగితాలు ఆరబెట్టే గదిగా మార్చారు. అతుక్కుపోయిన కాగితాలను వేళ్లతో లాగకూడదు, మంచినీళ్ల పళ్లెంలో ఉంచి బురద వదిలాక పల్చని ప్లాస్టిక్ షీటుతో మెల్లగా విడదీయాలి. ఎండలో పెట్టకూడదు, ఇస్త్రీ చేయకూడదు, తెల్ల కాగితాల మధ్య పెట్టి ఫ్యాను గాలికి ఆరనివ్వాలి, తడిసిన తెల్ల కాగితాలను గంట గంటకూ మార్చాలి. లామినేషన్ చేసినవాటి లోపల నీళ్లు చేరితే అంచు కత్తిరించి గాలి ఆడనివ్వాలి. ఇంటి పట్టాలు, పెళ్లి ఫోటోలు, కుటుంబ బైబిళ్లు, ఒక ఇంటి వాళ్ల ఖురాను, ఎవరివో తాకట్టు రసీదులు ఆ గదిలో బల్లల మీద వరుసగా ఆరాయి. పదీ పన్నెండేళ్ల పిల్లలు కాగితాలు మార్చారు. ఏ ఇంటివి ఆ ఇంటికి చేరేలా రాసిపెట్టిన రిజిస్టరు కూడా వాళ్లదే. ఆ వారం మా సండేస్కూల్‌లో పాఠం జరగలేదు, జరిగిందనే నేను అనుకుంటాను.

ప్రభుత్వం ముంపు ఇళ్లలో కింది అంతస్తుకు 25,000 రూపాయలు, పై అంతస్తులకు 10,000 ప్రకటించాక, నమోదు కోసం ఏ కాగితాలు కావాలో చెప్పే బల్ల ఒకటి గుడి వరండాలో పెట్టాము. దరఖాస్తు రాయలేనివాళ్లకు మా యువకులు రాసిపెట్టారు. లైఫ్ జాకెట్ దగ్గర నా మీద అలిగిన కుర్రాళ్లే అక్కడ అందరికన్నా ఎక్కువ సేపు కూర్చున్నారు.

ఆరాధనలో వచ్చిన మార్పు

వరద తరువాత సామాజిక సేవా కమిటీ ఫైలును, సంస్కారపు పుస్తకాన్ని ఒకచోటికి తెచ్చాము. పుస్తకంలో ప్రతి పేరు కింద రెండు గీతలు ఖాళీ వదిలి, ఆ సందులో మా సంఘానికి చెందని వృద్ధుల, రోగుల పేర్లు వాళ్ల సమ్మతితో రాస్తున్నాము. వాళ్ల దగ్గరికి వెళ్లేది సంస్కారం ఇవ్వడానికి కాదు, పలకరించడానికి, మందులు చూడడానికి. ఇద్దరిద్దరుగా వెళ్లేవాళ్లకు రిటైరైన ఆ నర్సు శిక్షణ ఇచ్చారు. మంచం పుండ్లు ఎలా గుర్తించాలో, కరెంటు లేనప్పుడు ఇన్సులిన్‌ను కుండలో ఎలా చల్లగా ఉంచాలో, ఏ లక్షణం కనిపిస్తే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలో నేర్పారు. ఆదివారం విజ్ఞాపన ప్రార్థనలో, సరేనన్నవాళ్ల పేర్లు సంఘ సభ్యుల పేర్లతో కలిపే చదువుతాము.

డబ్బు విషయంలో పాత అలవాటే మమ్మల్ని నిలబెట్టింది. అన్నం వండేముందు గుప్పెడు బియ్యం తీసి పక్కన పెట్టి, నెలకోసారి గుడికి తెచ్చే ఆచారం మా అమ్మమ్మల కాలం నుంచీ ఉంది. పట్నంలో అది పేరుకు మాత్రమే మిగిలి, చాలామంది బియ్యానికి బదులు పది రూపాయలు ఇచ్చేవాళ్లు. ఆ ఏడాది కోత పండుగకు ముందు స్త్రీల మైత్రి వాళ్లు ఇంటింటికీ ఒక డబ్బా ఇచ్చి, బియ్యమే తెమ్మన్నారు. కోత పండుగ కానుకలను వేలం వేసి వచ్చిన సొమ్మును సంఘం ఖాతాలో వేసుకోవడం ఆనవాయితీ. గుమ్మడికాయనో కోడిపుంజునో పోటీపడి పాడుకోవడంలో ఉన్న సంబరాన్ని చంపడం ఇష్టం లేక వేలం అలాగే ఉంచాము. బియ్యాన్ని మాత్రం వేలం వేయకుండా పుస్తకంలోని ఇళ్లకు పంపాము. ఆ డిసెంబరు 25కి మెదక్ చర్చి ప్రతిష్ఠ జరిగి సరిగ్గా నూరేళ్లు. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో మొదలుపెట్టిన ఆ కట్టడం కరువు కాలంలో వేలమంది కూలికీ, కూటికీ ఆధారమైందన్న సంగతిని క్రిస్మస్ ప్రసంగంలో చెప్పాను. గుడి కట్టడం, ఆకలి తీర్చడం అక్కడ ఒకే పనిగా సాగాయి. మేము ఆ రెంటినీ ఎప్పుడు రెండు ఫైళ్లుగా విడదీసుకున్నామో నాకు తెలియదు.

అన్నీ కుదరలేదు. సాయంత్రం ట్యూషన్ మూడు నెలలకు ఆగిపోయింది, చెప్పేవాళ్లు దొరకలేదు. వానపడితే నిద్రపోని పిల్లలకు, పెద్దలకు మేము ప్రార్థనే చేయగలిగాము, శిక్షణ ఉన్న కౌన్సెలర్‌ను ఆలస్యంగా వెతికాము. అన్నిటికన్నా పెద్ద తప్పు పుస్తకం విషయంలోనే జరిగింది. వాట్సాప్ గ్రూపులో ప్రార్థన కోరుతూ ఒకరు ఒక పేజీని ఫోటో తీసి పెట్టారు. అందులో ఒక స్త్రీ పేరు పక్కన ఆమె తన కుటుంబానికి కూడా చెప్పని జబ్బు రాసి ఉంది. ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఆమె క్షమించింది కానీ, తన పేరు కొట్టివేయమంది. కొట్టివేశాము. ఇప్పుడు జబ్బుల పేర్లు రాయము, చేయవలసిన పనిని మాత్రం రాస్తాము. పుస్తకం పాస్టర్ ఇంట్లో కాకుండా వెస్ట్రీ బీరువాలో ఉంటుంది. రెండు తాళంచెవుల్లో ఒకటి స్త్రీల మైత్రి దగ్గర ఉంటుంది. పాస్టర్లు బదిలీ అయి వెళతారు కాబట్టి ఈ ఏర్పాటును కమిటీ తీర్మానంగా రాయించాము.

మేడ మీదికి చేర్చిన ఆ పెద్దావిడ మరుసటి వేసవిలో కన్నుమూశారు. ఆవిడ పేరు పక్కన తేదీ వేసి గీత గీశాము. పై వాటా వాళ్ల ఫోన్ నంబరు మాత్రం కొట్టివేయలేదు. దాని కింద ఇప్పుడు ఆ ఇంటి నానీమా (అమ్మమ్మ) పేరు ఉంది. వాళ్ల కోడలే గుడికి వచ్చి రాయించింది. పక్కన మా సంఘ పెద్ద చేతిరాతలో ‘మంగళవారం, పలకరింపు, చూపు ఆనదు, గుమ్మంలోనే పేరు చెప్పాలి’ అని ఉంది.